గోడ మీద ఎక్కువైన మాట

ఆ పెయింటరుకు చదవడం పోయిందన్న సంగతి ఏడు నెలల పాటు ఎవరికీ తెలియలేదు. ఆయన చెప్పలేదు. చూసినవాళ్ళకు అనుమానమూ రాలేదు. మనిషి శుభ్రంగా నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు, చెయ్యి వణక్కుండా బ్రష్షు పట్టుకుంటున్నాడు. ఇంకేం పోయినట్టు?

ముప్పై రెండేళ్ళుగా ఆయన బతుకంతా అక్షరాలే. దుకాణాల బోర్డులు, డాక్టర్ల పేర్లు, బడి గోడలు, 'ఇక్కడ బండ్లు నిలపరాదు' అనే హెచ్చరికలు, అన్నీ ఆయన చేతి మీదుగా వెళ్ళినవే. మార్కెట్ వీధిలో అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరూ 'అక్షరాలాయన' అనేవాళ్ళు. ఫ్లెక్సీలొచ్చాక సగం పని పోయింది. "ఫ్లెక్సీ వానకి చిరుగుతుంది, ఎండకి వెలిసిపోతుంది. గోడ ఎక్కడికీ పోదు కదా" అనేవాడు. ఆ ధీమాతోనే మిగిలిన సగంతో నెట్టుకొస్తున్నాడు. దుకాణం వెనక ఒక గది, అందులో ఒక మంచం, స్టవ్వు, గోడకు ఆనించిన నిచ్చెన. భార్య పోయి ఐదేళ్ళయింది. పిల్లల్లేరు. తనకంటూ ఉన్నది ఒక్క అక్క.

ఆ అక్క బస్సులో మూడు గంటల దూరంలో వేరే ఊళ్ళో ఉంటుంది. బట్టలు సరిచేసే దుకాణం ఆవిడది. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, పెళ్ళినాటి కోట్లు పొట్ట పెరిగినవాళ్ళకు పట్టేలా విప్పి కుట్టడం. "నువ్వు గోడలకి, నేను గుడ్డలకి. మన ఇద్దరికీ గీతలు తప్ప ఇంకేం రావురా" అని నవ్వేది.

ఆవిడకు సూక్తులంటే నమ్మకం. ఊరికే వచ్చిన నమ్మకం కాదు. భర్త పోయినప్పుడు రెండు నెలలు మంచం దిగలేదు. ఒకరోజు పొద్దున్నే ఎవరో పాత ఖాతాదారు ఫోనులో ఒక బొమ్మ పంపింది. ఉదయిస్తున్న సూర్యుడు, కింద నాలుగు మంచి మాటలు. ఏం మాటలో ఇప్పుడు గుర్తులేదు. కానీ ఆ రోజు లేచి స్నానం చేసి దుకాణం తెరిచింది. అప్పటి నుంచి తనను లేపిన మాట ఇంకొకరినీ లేపుతుందని రోజూ పొద్దున టీ తాగుతూ ఒక కార్డు ఎంచి నలభై ముగ్గురికి పంపేది. కార్డు ఎంచడం కూడా బట్టకు దారం రంగు ఎంచినంత శ్రద్ధగా చేసేది. సోమవారం బద్ధకం మీద, శనివారం సంతృప్తి మీద. ఎవరికైనా జబ్బు చేస్తే వాళ్ళకు వేరేగా ధైర్యం మీద. నలభై ముగ్గురిలో తమ్ముడు మొదటివాడు.

తమ్ముడికి దెబ్బ తగిలింది మందుల దుకాణం షట్టరు మీద రాస్తుండగా. 'అన్ని రకాల' అని రాసి, బ్రష్షు ముంచుకుని తలెత్తేసరికి షట్టరు మీద ఉన్నది తనకు తెలిసిన భాషలో లేదు. కళ్ళజోడు తుడుచుకున్నాడు. మళ్ళీ చూశాడు. ఎవరో చీమల్ని చల్లినట్టుంది. తల వెనక సుత్తితో కొట్టినట్టు నొప్పి మొదలైంది. మెట్టు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగాడు. మందుల దుకాణంవాళ్ళే ఆసుపత్రిలో చేర్పించారు.

మెదడులో వెనక వైపు రక్తం గడ్డకట్టిందన్నారు. అక్క పరుగున వచ్చింది. చెయ్యెత్తమన్నారు, ఎత్తాడు. కాలు కదపమన్నారు, కదిపాడు. నవ్వమన్నారు, నవ్వాడు. కుడివైపు చూపు కాస్త తగ్గింది, కొన్నాళ్ళు రోడ్డు దాటేటప్పుడు జాగ్రత్త అన్నారు. "అదృష్టవంతులు" అని పెద్ద డాక్టరు భుజం తట్టాడు. ఇంటికి పంపేటప్పుడు ఒక కాగితం ఇచ్చి, మూడు వారాల తర్వాత దాని మీద రాసిన గదికి రమ్మన్నారు. కాగితం ఆయన జేబులో పెట్టుకున్నాడు.

అక్క ఇంకో వారం ఉంది. తమ్ముడు పొద్దున్నే పేపరు పట్టుకుని కూర్చునేవాడు, మధ్యమధ్య పేజీ తిప్పేవాడు. "ఏంట్రా విశేషాలు?" అంటే "ఏముంటాయక్కా, రోజూ ఉండేవే" అనేవాడు. బళ్ళు తెరిచే రోజులు. ఆవిడ దుకాణంలో అరవై జతల యూనిఫారాలు బల్ల మీద పడి ఉన్నాయి. వెళ్ళక తప్పలేదు.

"రోజూ మెసేజ్ పెడతా, సరేనా? దిగులు పడకు" అంది బస్సెక్కుతూ.

"పెట్టక్కా" అన్నాడు.

ఆమె వెళ్ళిన సాయంత్రం ఆయన గది తలుపు గడియ పెట్టి, ఒక రంగు డబ్బా మూత తీసుకుని, దాని మీద నల్లరంగుతో తన పేరు రాశాడు. చెయ్యి ఎక్కడా ఆగలేదు. తలకట్టు, దీర్ఘం, ఒత్తు ఎక్కడివక్కడ పడ్డాయి. పడ్డాయని చేతికి తెలిసింది. కానీ రాయడం ఆపి చూస్తే ఆ మూత మీద ఏముందో తెలియలేదు. తన పేరు తనే రాసి, తనే చదవలేకపోయాడు. మూతను గోడ వైపు తిప్పి పెట్టి, మంచం మీద కూర్చుండిపోయాడు.

ఆ రోజే ఎవరికైనా చెప్పి ఉంటే బాగుండేది. కానీ ఎవరితో చెప్తాడు? వంటవాడు ఉప్పు రుచి తెలియడం లేదని, దర్జీ సూదిలో దారం ఎక్కించలేకపోతున్నానని చెప్పుకోవచ్చు, వయసనుకుంటారు. అక్షరాలాయనకు అక్షరాలు రావంటే వీధి వీధంతా నోరు నొక్కుకుంటుంది. రెండు వారాలు ఆగితే అదే వస్తుందనుకున్నాడు. రాలేదు. ఆసుపత్రి కాగితంలో ఏ రోజు, ఏ గది అని ఉందో చదవడానికి లేదు, పక్క దుకాణంవాడితో చదివించుకోవడానికి మనసొప్పలేదు. ఆసుపత్రి నుంచి ఫోనుకు మెసేజ్ కూడా వచ్చింది. అదీ చీమలే.

పని మాత్రం వదల్లేదు. ఎవరైనా రాయించుకోవడానికి వస్తే, "మీ నోటితో ఒకసారి చెప్పండి. వరుస ఎక్కడ విరవాలో వింటేగానీ తెలీదు" అనేవాడు. అదేదో పనితనం అనుకుని వాళ్ళు మురిసిపోయి రెండుసార్లు చెప్పేవాళ్ళు. మాట మొత్తం మనసులో పెట్టుకుని, నిచ్చెనెక్కి, చివరి చుక్క పడేదాకా దిగేవాడు కాదు. మధ్యలో టీ లేదు, మాటల్లేవు. ఆగితే తాను ఎక్కడున్నాడో తెలియదు. కిందికి దిగాక తన పని వైపు తిరిగి చూసేవాడు కాదు. పూర్వం వీధి అవతలికి వెళ్ళి, తల పక్కకు వాల్చి, ఓ అరగంట చూసుకునే మనిషి.

రోజూ పొద్దున ఫోను మోగేది. తెరిస్తే అక్క ఫోటో పక్కన ఒక కొండో, పువ్వో, సముద్రమో, దాని మీద చీమలు. చదవలేకపోయినా అక్క పంపిందని తెలుసు. దండం పెడుతున్న చేతుల బొమ్మ ఎక్కడుంటుందో వేలికి తెలుసు. అది నొక్కేవాడు. అవతల ఆవిడ చూసి, "మా తమ్ముడు ఒక్కరోజు కూడా వదలడు, తప్పకుండా చదువుతాడు" అని దుకాణంలో అందరికీ చెప్పేది. ఆదివారాలు ఫోను చేసేది కూడా. "బాగున్నావా?" "బాగున్నా." "మందులేసుకుంటున్నావా?" "వేసుకుంటున్నా." మాత్రల రంగులు ఆయనకు గుర్తే.

మూడో నెలలో ఒకసారి ఆయన ధైర్యం చేశాడు. ఫోనులో మైకు బొమ్మ నొక్కి పట్టుకుని మాట్లాడాడు. "అక్కా... ఈమధ్య నాకు అక్షరాలు సరిగ్గా అందట్లేదే. ఏంటో, భయంగా ఉంది. వీలైతే ఒకసారి ఫోన్ చెయ్యి." అంతే. మళ్ళీ విని చూసుకోకుండా వదిలేశాడు.

ఆ సమయానికి అక్క దుకాణంలో ఎవరికో కోటు భుజం సరిచూస్తోంది. నోట్లో గుండుసూదులు, పక్కన మిషను చప్పుడు. ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే 'భయంగా ఉంది' అన్నది మాత్రం వినిపించింది. అయ్యో పాపం అనుకుంది. నిజంగానే అనుకుంది. వెంటనే భయం మీద ఉన్నవాటిలో మంచి కార్డు ఎంచి పంపింది. సాయంత్రం తప్పకుండా ఫోన్ చెయ్యాలి అనుకుంది. సాయంత్రానికి ఆ కోటు మనిషి తన చెల్లెల్ని కూడా బట్టలతో తీసుకొచ్చాడు, ఫోను సంగతి మరుగున పడింది.

ఇక్కడ ఆయన ఫోను మోగింది. చేతులు తుడుచుకుని ఆత్రంగా తీశాడు. ఒక పులి బొమ్మ. పక్కన రాతలు. రెండు వేళ్ళతో బొమ్మను పెద్దది చేశాడు. చీమలు పెద్దవయ్యాయి. ఇంకా పెద్దవి చేశాడు. అక్క ఏదో చెప్పింది, ఖచ్చితంగా తన మాటకు జవాబే చెప్పింది. ఏం చెప్పిందో తెలియదు. చాలాసేపు ఆ పులినే చూసి, దండం నొక్కాడు.

మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఏడో నెలలో బడి గోడ పని వచ్చింది. ఆ బడి హెడ్‌మిస్ట్రెస్ ఆయనకు పదేళ్ళుగా తెలుసు. ఆటస్థలం వైపు ఉన్న పొడవాటి గోడ మీద పిల్లలకు పనికొచ్చే మాట ఒకటి పెద్దగా రాయమంది. ఎక్కడో ఫోనులో చూసి ఎంచుకుంది. ఆయన నోటితో చెప్పమన్నాడు. ఆవిడ చెప్పింది: "పడటం తప్పు కాదు, పడి లేవకపోవడం తప్పు."

అడుగు ఎత్తు అక్షరాలు. ఒక్క ఊపులో అయ్యే పని కాదు. అయినా పొద్దున ఎక్కినవాడు మధ్యాహ్నం దాటేదాకా నిచ్చెన జరుపుకుంటూ, నీళ్ళయినా తాగకుండా రాశాడు. చివరి చుక్క ఒక్కటే మిగిలిందనగా జల్లు మొదలైంది. డబ్బాలు తడుస్తున్నాయని పిల్లలు అరిస్తే దిగి వరండాలోకి పరిగెత్తాడు. హెడ్‌మిస్ట్రెస్ టీ ఇచ్చింది, తన మోకాలి నొప్పి గురించి చెప్పింది. ఆయన వింటున్నట్టు తలాడిస్తూ లోపల్లోపల ఆ వాక్యాన్నే చెప్పుకుంటున్నాడు. గంట తర్వాత వాన వెలిసింది.

నిచ్చెన ఎక్కి చూశాడు. తన చివరి అక్షరం ఏదో తెలియదు. కుడివైపు చూపు సగం లేదు. చివరగా చెయ్యి చేసిన పని గుర్తు తెచ్చుకున్నాడు. ప కింద ప ఒత్తు, దానికి కొమ్ము. 'తప్పు'. అది బాగా గుర్తుంది. ఏ తప్పు? మొదటిదా, రెండోదా? గోడ ఇంకా ఖాళీగానే కనిపిస్తోంది. 'తప్పు' తర్వాత ఏముంది? 'కాదు'. రాశాడు. ఆ తర్వాత మిగతాది రాద్దామని నిచ్చెన జరపబోతే గోడ అయిపోయింది. అలసిన తలలో లెక్క తప్పింది. అమ్మయ్య, పూర్తయిందన్నమాట అనుకున్నాడు. డబ్బాలు సర్దుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు ఎవరో తండ్రి పిల్లను దింపడానికి వచ్చి గోడ చదివాడు. 'పడటం తప్పు కాదు, పడి లేవకపోవడం తప్పు కాదు.' ఫోటో తీశాడు. 'బద్ధకస్తులకు శుభవార్త, మా బడి గోడ మీద' అని రాసి వదిలాడు. అది ఊరు దాటింది. మూడో రోజుకు మూడు గంటల దూరంలోని బట్టలు సరిచేసే దుకాణంలో, టీ తాగుతున్న అక్క ఫోనులోకి వచ్చింది.

ఆవిడ పడీపడీ నవ్వింది. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వి, ఆ రోజుకు సూక్తి బదులు దాన్నే, పళ్ళికిలించే నవ్వు మొహాలు ఐదు చేర్చి, నలభై ముగ్గురికీ పంపింది. నలభై ముగ్గురిలో మొదటివాడు తమ్ముడు. నిమిషంలో దండం వచ్చింది.

కప్పు కడుగుతూ ఇంకోసారి చూద్దామని తెరిచింది. ఈసారి మాటలు కాక అక్షరాలు చూసింది. ఆ 'డ'. చివర తోక కొద్దిగా పైకి లేచి ఆగుతుంది. చిన్నప్పుడు పలక మీద అలా రాసినందుకు తమ్ముడికి దెబ్బలు పడేవి, అయినా మానలేదు. తలకట్టు రెక్క విప్పినట్టు పక్కకు వాలుతుంది. ఆ రాతను ఆవిడ ఎక్కడ చూసినా గుర్తుపట్టగలదు. తన దుకాణం బోర్డు మీద రోజూ చూస్తున్నదే.

కప్పు అక్కడే వదిలేసింది. లోపల కోటు వేసుకుని నిలబడ్డ మనిషితో, "ఇవాళ కాదు బాబూ, రేపు కూడా కాదు" అని చెప్పి షట్టరు దించింది.

మూడు గంటలూ బస్సులో ఫోటో చూస్తూనే ఉంది. తప్పు ఒక్కటే, చివరి మాట ఎక్కువైంది. తాగి రాశాడా? వాడు తాగడు. కావాలని రాశాడా? పని విషయంలో వాడు వేళాకోళం ఆడడు. ఒత్తు పొరపాటుగా పడిందని ఒకసారి మొత్తం బోర్డు చెరిపి మళ్ళీ రాసిన మనిషి.

గది తలుపు తీసే ఉంది. తమ్ముడు మంచం మీద కూర్చుని రొట్టె పాలల్లో ముంచుకుని తింటున్నాడు. అక్కను చూసి మొహం ఇంత చేసుకుని లేచాడు. చిక్కిపోయాడు. తల కాస్త కుడి వైపుకు తిప్పి మనిషిని చూస్తున్నాడు, ఆవిడ అది అప్పుడే గమనించింది.

"ఏంటక్కా, చెప్పాపెట్టకుండా! ఫోటో చూసి వచ్చావా?"

"ఏ ఫోటో?" అంది.

"అదే, పొద్దున పంపావుగా. బడి గోడ. రంగు చూసి గుర్తుపట్టా. ఎవరు తీశారో గానీ బాగా తీశారు. నువ్వు అన్ని నవ్వులు పెట్టేసరికి..." సిగ్గుపడ్డాడు. "చాలా రోజులైంది నా పని ఎవరైనా మెచ్చుకుని."

ఆవిడ మంచం పట్టె మీద కూలబడింది. ఒక క్షణం ఏమీ అనకుండా ఊరుకుందామనిపించింది. ఇలాగే వెనక్కి వెళ్ళిపోదామనిపించింది. తర్వాత ఫోను తీసి ఆయన ముందు పెట్టింది.

"చదువు."

"నీకు తెలుసుగా ఏముందో."

"నువ్వు చదవరా."

ఆయన ఫోను వైపు చూడలేదు. చేతిలోని రొట్టె ముక్క వైపు చూస్తున్నాడు. బయట ఎవరో బండి స్టార్టు చేస్తున్నారు, అది ఎంతకీ స్టార్టు కావడం లేదు.

"కళ్ళజోడు ఎక్కడో పెట్టా" అన్నాడు.

"మొహం మీదే ఉంది నాన్నా."

రొట్టె పాలల్లో పడిపోయింది. "రావట్లేదక్కా," అన్నాడు. "ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ రావట్లేదు. రాయడం వస్తుంది. చదవడం రాదు. చెప్తే ఎవరు నమ్ముతారు? నాకే నమ్మకం లేదు."

"మరి రోజూ నేను పంపేవి?"

"ఒక్కటీ చదవలేదు."

"దండం పెట్టేవాడివి కదరా!"

"నువ్వు పంపావు కదా," అన్నాడు. "పొద్దున్నే ఒకళ్ళకి నేను గుర్తొచ్చాను కదా. అందుకు."

ఆవిడ ఏడవడానికి కూడా కాసేపు పట్టింది. గోడ మీద ఏం ఎక్కువైందో చెప్పింది, తను చెప్పకపోతే ఇంకెవరో వీధిలో చెప్తారని. నెమ్మదిగా, మాట మాటా చదివి వినిపించింది. ఆయన మొత్తం విన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఎంతమంది చూశారు?"

"తెలీదు. చాలామంది. నేనే నలభై ముగ్గురికి పంపా."

"వాన పడిందక్కా," అన్నాడు చిన్నపిల్లాడిలా. "వాన పడకపోతే సరిగ్గా రాసేవాణ్ణి."

"ముందే నాకు ఒక్కమాట చెప్పి ఉంటే..."

ఆయన చూపు ఆవిడ చేతిలోని ఫోను వైపు వెళ్ళింది. అది చూసి ఆవిడకేదో తట్టింది. ఫోను తీసి ఇద్దరి మధ్య నడిచిన మెసేజీలన్నీ వేలితో వెనక్కి జరుపుతూ పోయింది. సూర్యుడు, దండం. కొండ, దండం. పడవ, దండం. పైనుంచి కిందిదాకా అదే వరుస. ఎక్కడో మధ్యలో సన్నటి గీత, పద్నాలుగు సెకన్లు. నొక్కింది. ఆ గదిలో తమ్ముడి గొంతే మళ్ళీ పలికింది. 'వీలైతే ఒకసారి ఫోన్ చెయ్యి.' దాని కిందే, అదే నిమిషంలో, పులి.

"ఏముందక్కా ఆ పులి మీద?" అని అడిగాడు. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

ఆవిడ చదవబోయింది. మొదటి మాట దగ్గరే ఆగి, ఫోను బోర్లా పెట్టింది. "ఏమీ లేదురా," అంది. "పనికొచ్చేదేమీ లేదు."

మర్నాడు ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఈసారి ఒక చిన్న వయసు డాక్టరమ్మ చూసింది. రాయమని కాగితమిచ్చింది, రాశాడు. చదవమంది, తల అడ్డంగా ఊపాడు. ఆవిడ ఆశ్చర్యపోలేదు. రాసే చోటు వేరు, చదివే చోటుకు వెళ్ళే దారి వేరు, ఆ దారి తెగిందంది. అరుదే గానీ ఉన్న జబ్బేనంది. జబ్బుకు ఒక పేరుందని విన్నప్పుడు ఆయన మొహంలో ఏదో సడలింది.

"వస్తుందా మళ్ళీ?" అంది అక్క.

"మొదటి నెలల్లో నేర్పడం మొదలుపెట్టి ఉంటే ఎక్కువ వచ్చేది. అందుకే మూడు వారాలకి రమ్మన్నాం. మెసేజ్ కూడా పంపాం." డాక్టరమ్మ కాగితాలు తిరగేసింది. "ఇప్పుడైనా కొంత వస్తుంది. పూర్తిగా అంటే... నేను మాట ఇవ్వలేను."

ఒక ఉపాయం నేర్పింది. కంటితో కాకుండా వేలితో చదవాలి. అక్షరం మీద వేలు నడిపిస్తే, చేతికి తెలుసు గనక చెయ్యి చెప్తుంది. ఆయన గోడ మీద ఉన్న 'నిశ్శబ్దం' అన్న బోర్డు మీద వేలు పెట్టి, ఒక్కో వంపూ తిరుగుతూ, ఒక్కో అక్షరం పైకి అంటూ, రెండు నిమిషాలకు పూర్తి చేశాడు. అప్పటికి చెమటలు పట్టాయి. పక్కన కూర్చున్నవాళ్ళు వింతగా చూశారు. ఫోనులో అయితే అదీ కుదరలేదు. వేలు పెడితే బొమ్మ జారిపోతుంది.

ఆ సాయంత్రం అక్క నలభై ముగ్గురికీ ఒక సంగతి రాసింది. కార్డు కాదు, తన మాటలు. ఆ గోడ రాసింది మా తమ్ముడు, వాడికి జబ్బు చేసింది, నేను తెలియక నవ్వాను, మీరు కూడా ఇంకెవరికీ పంపకండి అని. పదకొండు మంది వెంటనే జవాబిచ్చారు. తొమ్మిది కార్డులు, రెండు దండాలు. ఒక కార్డు ఆవిడ తానే పోయిన నెలలో పంపినది. ఒక్కతి మాత్రం, బస్సులో కండక్టరుగా పనిచేసే పాత స్నేహితురాలు, ఫోన్ చేసింది. "ఏమైందే? మొదటి నుంచీ చెప్పు" అంది. అక్క మొదటి నుంచీ చెప్పింది.

బడికి ఇద్దరూ కలిసి వెళ్ళారు. హెడ్‌మిస్ట్రెస్ కోప్పడలేదు. సంగతంతా విని చాలాసేపు గోడ వైపు చూసింది.

"ఉంచేద్దామా?" అంది చివరికి. "నిజం చెప్పాలంటే, నాకిదే బాగుందనిపిస్తోంది. ఆటల్లో పడ్డ పిల్ల ఒకతి నిన్న అక్కడే కూర్చుని, లేవమంటే గోడ చూపించింది. నవ్వొచ్చింది. తర్వాత పోనీలే, కాసేపు కూర్చోనీ అనిపించింది."

అక్కకు కూడా అదే అనిపించింది. తమ్ముడి వైపు ఆశగా చూసింది. కానీ ఆయన తల అడ్డంగా ఊపాడు.

"వద్దు మేడమ్. మీరు చెప్పిన మాట వేరు, నేను రాసిన మాట వేరు. తప్పు రాసిన గోడ నాది ఒక్కటి కూడా ఉండకూడదు."

నిచ్చెన ఎక్కాడు. అక్క కింద నిలబడి, "ఇంకొంచెం కుడికి. ఆ, అదే" అని చెప్పింది. వేలితో ఆ చివరి మాటను ఒకసారి మొత్తం తడిమి చూసుకుని, "కాదు" అని పైకే చదివి, తెల్లరంగు పట్టించాడు. దిగాక వెనక్కి తిరిగి చూశాడు. అది ఆయన రాసిన ఆఖరి గోడ.

అక్క తనతో వచ్చి ఉండమంది. దుకాణం ఖాళీ చేయడానికి రెండు వారాలు పట్టింది. రంగులు పక్క వడ్రంగి తీసుకున్నాడు. నిచ్చెనను బడికి ఇచ్చేశారు. బ్రష్షులు మాత్రం కిరసనాయిల్లో కడిగి, గుడ్డలో చుట్టి, తన సంచిలో పెట్టుకున్నాడు. ఎందుకని అక్క అడగలేదు. బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చుని, దాటిపోతున్న బోర్డులన్నీ చూస్తూనే ఉన్నాడు. కొన్ని తాను రాసినవే. ఏవి తనవో రంగును బట్టి, తోకను బట్టి గుర్తుపడుతున్నాడు. ఏమని ఉందో తెలియడం లేదు.

అక్క పొద్దున్న కార్డులు మానేసింది. ఒట్టు పెట్టుకుని మానలేదు. టీ వేళకు ఇప్పుడు ఎదురుగా మనిషి ఉన్నాడు, అంతే. రోజూ ఒక అరగంట ఇద్దరూ పాత బిల్లు కాగితాల మీద వేలితో చదవడం సాధన చేసేవాళ్ళు. కొన్ని రోజులు నాలుగు మాటలు వచ్చేవి, కొన్ని రోజులు ఒక్కటీ వచ్చేది కాదు. రాని రోజు ఆయన కాగితం ఉండచుట్టి విసిరేసేవాడు. అలాంటప్పుడు ఏదైనా అనాలని ఆవిడకు నోటి చివరిదాకా వచ్చేది. ఏళ్ళ తరబడి పంపిన మాటలు వేలకొద్దీ ఉన్నాయి. ఏదీ అనకుండా, ఉండచుట్టిన కాగితం తీసుకొచ్చి, సాపు చేసి, బల్ల మీద పెట్టేది. ఒక్కోసారి అది కూడా చేయలేక, లోపలికి వెళ్ళి మిషను తొక్కుతూ కూర్చునేది. ఆ పద్నాలుగు సెకన్ల గొంతు ఆవిడ ఫోనులో ఇంకా ఉంది. వినదు, చెరపదు.

దుకాణంలో ఆయనకొక పని దొరికింది. సరిచేసిన ప్రతి బట్టకు పేరు రాసి అట్టముక్క కట్టాలి. అక్క పేరు చెప్తుంది, ఆయన రాస్తాడు. రాసిన అట్ట ఆవిడకిస్తాడు, ఆవిడ చూసి కడుతుంది. ఆ అట్టలు ఎంత అందంగా ఉండేవంటే, కొందరు బట్టలు ఇంటికి తీసుకెళ్ళినా అట్ట పారేసేవాళ్ళు కాదట.

ఒక మధ్యాహ్నం అక్క దారం కొనడానికి బయటికి వెళ్ళింది. ఆ సమయంలో ఒక ఆవిడ వచ్చింది, నర్సు దుస్తుల్లో, హడావిడిగా. తన పేరు చెప్పి, నీలం ప్యాంటు ఇచ్చానంది. కడ్డీకి పన్నెండు నీలం ప్యాంట్లు వేలాడుతున్నాయి. ఆయన లేచి, మొదటి అట్ట పట్టుకుని వేలు ఆనించాడు. నర్సు గడియారం చూసుకుంది. "కాస్త తొందరగా బాబాయ్, డ్యూటీకి టైమైపోయింది."

ఇంతకుముందైతే కళ్ళజోడు వెతికేవాడు. అక్క వచ్చేదాకా ఆగమనేవాడు. ఆయన అట్ట వదిలేసి పక్కకు జరిగాడు.

"మీరే చూసుకోండమ్మా," అన్నాడు. "నాకు చదవడం రాదు."

మాట పూర్తిగానే వచ్చింది. ఆ నర్సుకు అదేమీ పెద్ద విషయంలా అనిపించలేదు. చకచకా అట్టలు తిప్పుకుంటూ వెళ్ళి, తన ప్యాంటు తీసుకుంది. తీసుకున్నాక అట్ట వైపు మళ్ళీ చూసి ఆగింది.

"ఎంత బాగా రాశారండీ నా పేరు! ఎవరి రాత ఇది?"

"నాదే" అన్నాడు.

ఆమె ఫక్కున నవ్వింది, పెద్దాయన తనను ఆటపట్టిస్తున్నాడనుకుని. నవ్వుతూనే ప్యాంటు చేతి మీద వేసుకుని వీధిలోకి వెళ్ళిపోయింది. ఆయన ఆమె వెళ్ళినవైపు కాసేపు చూసి, మిగతా పదకొండింటినీ కడ్డీ మీద సమంగా జరిపి, తిరిగి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.